పాత పీహెచ్‌పీని ఆపకుండా లారవెల్‌లోకి మార్చడం: నా అనుభవం

కాలేజీ ఫీజుల అప్లికేషన్ అది. పీహెచ్‌పీ 5.6లో రాసిన సుమారు 200 ఫైళ్లు. హెచ్‌టీఎంఎల్, క్వెరీలు, లెక్కలు అన్నీ ఒకే ఫైల్లో కలగలిసి ఉండేవి. ఫీజు కౌంటర్ ఒక్క రోజు కూడా మూతపడకూడదు. అందుకని లారవెల్‌ను (పీహెచ్‌పీతో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ముందు నిలబెట్టి, పాత ఫైళ్లను దాని వెనక లెగసీ అనే ఫోల్డర్లోకి చేర్చి, ఒక్కో పేజీ మార్చుకుంటూ వచ్చాం.

రెండూ ఒకే ప్రాసెస్‌లో నడవాలి కాబట్టి పాత కోడ్‌ను ముందు పీహెచ్‌పీ 8 మీదకి తెచ్చాం. డేటాబేస్‌ను అడిగే మైఎస్‌క్యూఎల్_క్వెరీ లాంటి పాత ఫంక్షన్లు పీహెచ్‌పీ 7.0లోనే పోయాయి. వాటి బదులు వచ్చిన మైఎస్‌క్యూఎల్ఐకి మారేటప్పుడు ఆర్గ్యుమెంట్ల వరుస తిరగబడుతుంది, కనెక్షన్ ముందుకొస్తుంది. ఉత్త ఫైండ్-రీప్లేస్ సరిపోదు. ఇంతకన్నా ప్రమాదం ఇంకోటి: ఫారంలో ఖాళీగా వదిలిన రాయితీ గడిని సున్నాతో పోలిస్తే 7లో సమానం, 8లో కాదు. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. అలాంటి పోలికలన్నీ వెతికి చేత్తో సరిచేయాల్సిందే.

ఏ అడ్రస్‌కు ఏ కోడ్ నడవాలో చెప్పే రూట్లలో, మిగిలిన అడ్రస్‌లన్నిటికీ ఫాల్‌బ్యాక్ వాడితే అది గెట్‌కే (పేజీ తెరవడానికే) పలుకుతుంది, పాత పోస్ట్ ఫారాలు ఆగిపోతాయి. అన్నిటికన్నా చివర, గెట్, పోస్ట్ అన్నిటికీ పలికే రూట్ ఎనీ పెట్టి, పాత దారులకు మాత్రం సీఎస్ఆర్ఎఫ్ (ఫారం మన సైట్ నుంచే వచ్చిందా అని టోకెన్‌తో చూసే తనిఖీ) మినహాయింపు ఇచ్చాం; లేకపోతే 419 ఎర్రర్ వస్తుంది. పాత ఫైల్‌ను కంట్రోలర్ మెథడ్‌లో ఇంక్లూడ్ చేస్తే దాని వేరియబుల్స్ ఆ మెథడ్‌కే పరిమితమవుతాయి. గ్లోబల్ అనే మాటతో బయటి వేరియబుల్స్‌ను తెచ్చుకునే పాత ఫంక్షన్లకు డేటాబేస్ కనెక్షన్ దొరకదు. ఇంక్లూడ్‌కు ముందే ఆ వేరియబుల్స్ పేర్లన్నీ గ్లోబల్‌గా ప్రకటించాలి. పాత కోడ్‌లో ఎగ్జిట్ ఉంటే లారవెల్ మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్‌కు ముందూ వెనకా నడిచే కోడ్) మధ్యలోనే తెగిపోయి సెషన్ సేవ్ కాదు. ఎగ్జిట్ స్థానంలో సొంత ఎక్సెప్షన్ విసిరి, వెళ్లాల్సిన అడ్రస్‌ను అందులోనే పెట్టి, కంట్రోలర్లో పట్టుకుని రీడైరెక్ట్ చేశాం.

అసలు కష్టమంతా విద్యార్థుల తెలుగు పేర్లతో వచ్చింది. పాత పేజీలో పేరు చక్కగా కనిపిస్తుంది. అదే వరుసను లారవెల్ తెస్తే తల మీద గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, పక్కన డిగ్రీ సున్నా లేదా ప్లస్-మైనస్ గుర్తు, మళ్లీ మళ్లీ అదే. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు అక్షరానికో గుణింతపు గుర్తుకో మూడేసి బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి, అందుకే ఆ జంటలు. టేబుల్, పాత కనెక్షన్ రెండూ లాటిన్1 (పశ్చిమ యూరప్ అక్షరాలకే సరిపోయే పాత పద్ధతి) అనే చెప్పుకుంటూ యూటీఎఫ్-8 బైట్లు దాచాయి. టేబుల్ మొత్తాన్ని కొత్త పద్ధతిలోకి మార్చే కన్వర్ట్ టు ఆదేశం వాడకండి. చెడిన రూపమే స్థిరపడిపోతుంది. కాలమ్‌ను ముందు వార్‌బైనరీకి (ఉత్త బైట్లు), తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) వార్‌చార్‌కు మార్చాలి. కాలమ్ మార్చిన రాత్రే పాత కనెక్షన్‌కూ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టాలి, లేకుంటే పాత పేజీల్లో పేర్ల బదులు ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఏం చేసినా ముందు డంప్ (డేటాబేస్ మొత్తం బ్యాకప్) తీసి, దాని కాపీ మీద చూడండి.

పాస్‌వర్డ్‌లు ఎండీ5 అనే పాత, బలహీనమైన హ్యాష్ రూపంలో ఉన్నాయి. లాగిన్ అయినవాళ్లవి అప్పటికప్పుడు బీక్రిప్ట్ అనే బలమైన హ్యాష్‌లోకి మార్చాం. కాలమ్ 32 అక్షరాలది, కొత్త హ్యాష్ 60. ముందు కాలమ్‌ను 255 చేయకపోతే, స్ట్రిక్ట్ మోడ్ (సరిపడని డేటాకు ఎర్రర్ ఇచ్చే అమరిక) లేని మైఎస్‌క్యూఎల్ చడీచప్పుడు లేకుండా కత్తిరించేస్తుంది. ఆ మనిషి మళ్లీ లోపలికి రాలేడు.

ఏ పాత ఫైల్ ఇంకా వాడుకలో ఉందో ఆ చివరి రూట్‌లో ఒక లాగ్ లైన్ పెడితే తెలుస్తుంది. నెల రోజులు ఎవరూ తెరవలేదని ఫైల్‌ను తీసేయొద్దు. స్కాలర్‌షిప్ రిపోర్ట్ ఏడాదికోసారే తీస్తారు. మేము పూర్తి విద్యాసంవత్సరం గడిచాకే డిలీట్ చేశాం.