మధ్యలో లేని 'ఎం'

2024 కనుమ రోజు పొద్దున, చిత్తూరులో మా ఇంట్లో చిత్రాన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కుడి చెవి కింద సూదితో పొడిచినట్టయింది. పులుపు తగిలితే నోట్లో నీళ్లు ఊరతాయి కదా, సరిగ్గా ఆ నీళ్లు ఊరే చోటే నొప్పి. పన్ను నొప్పేమో అనుకుని రెండో ముద్ద ఎడమ వైపు పెట్టుకుని నమిలాను. అయినా నొప్పి కుడి చెవి కిందే. మధ్యాహ్నానికి దవడ మూల కనపడకుండా పోయింది. చెవి తమ్మె పైకి లేచి బయటికి తిరిగింది. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు.

మా అవ్వ దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని చూసింది. ఆమె పుట్టిల్లు గుడియాత్తం. "పొన్నుక్కు వీంగి రా నాయనా ఇది" అంది. అరవంలో గవదలను అలాగే అంటారు. పొన్ను అంటే బంగారం. అంటూనే మెడలో గొలుసు తీసి నా మెడలో వేసింది. గవదలొస్తే బంగారు గొలుసు వేయడం మన వైపు కూడా ఉన్నదే. ఆ గొలుసుకు ఇంకా అవ్వ ఒంటి వేడి ఉంది. కొక్కెం దగ్గర పసుపు పేరుకుని గట్టిపడి ఉంది. దానివల్ల వాపు తగ్గదని నాకు తెలుసు. అయినా ఆ వారం రోజులూ తీయలేదు.

అమ్మ మాత్రం నమ్మలేదు. "గవదలు చిన్నపిల్లలకు కదా వచ్చేది, ఇరవై ఏళ్లోడికి ఏంది? అన్ని సూదులూ వేయించినాను కదా" అని ఒకటే మాట. చెల్లెలు ఇంటర్ హాస్టల్ నుంచి పండక్కి వచ్చి ఉంది. దాన్ని ఆ పూటే పిన్నమ్మ వాళ్లింటికి పంపించేశారు.

అప్పుడు నేను తిరుపతి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ మూడో సంవత్సరం. హాస్టల్ గదిలో నలుగురం. డిసెంబర్ చివర్లో పక్క గది జూనియర్ ఒకడు చెంప వాచి కనిపించాడు. జ్ఞానదంతం వస్తోందేమో అన్నారు హాస్టల్లో. వాడు మఫ్లర్ చుట్టుకుని మెస్‌కు వచ్చేవాడు, క్లాసుకూ వెళ్లేవాడు. అందరం ఒకే సీసా నోటికి కరిపించి నీళ్లు తాగేవాళ్లం. వాడి మీద నాకు కోపం లేదు. వాపు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే గవదలు ఎదుటివాళ్లకు అంటుకుంటాయి. అంటుకున్నాక బయటపడడానికి మామూలుగా 16 నుంచి 18 రోజులు పడుతుంది. నా లెక్క సరిగ్గా అంతే వచ్చింది. వాడిని వాపు వచ్చిన రోజు నుంచి 5 రోజులు విడిగా ఉంచి ఉంటే మాలో కొందరైనా తప్పించుకునేవాళ్లం. ఈ సంగతి తెలిసినవాళ్లు ఆ హాస్టల్లో ఒక్కరూ లేరు.

చిత్తూరులో డాక్టర్ చూడగానే చెప్పేశారు. ఇది వైరస్, యాంటీబయాటిక్ పనిచేయదు, జ్వరానికి పారాసిటమాల్, నీళ్లు బాగా తాగడం, పులుపు ముట్టుకోకపోవడం, 5 రోజులు ఒక్కడే ఉండడం. రెండో రోజుకు ఎడమ చెంప కూడా వాచింది. సంగటి మింగలేను. రాగి అంబలి పల్చగా చేసి అమ్మ గ్లాసులో పోసిచ్చేది. గ్లాసు అంచు నోటికి ఆనించి తల పైకెత్తాలన్నా నొప్పి. చెంచాతో కొంచెం కొంచెం పోసుకుంటూ ఒక్క గ్లాసు తాగడానికి అరగంట పట్టేది. నాలుగో రోజుకు జ్వరం దిగింది, ఐదో రోజుకు దవడ మూల చేతికి తగిలింది. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాం.

ఆరో రోజు రాత్రి చలి, వణుకు, మళ్లీ జ్వరం. పొత్తికడుపులో లాగుతున్నట్టు నొప్పి మొదలై గజ్జల్లోకి దిగింది. కుడి వృషణం వాచింది, ఎర్రబడింది, దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. ఈ మాట రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. రాస్తున్నాను, ఎందుకంటే గవదలొస్తే మగపిల్లలకు ఇలా కావచ్చని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. వయసొచ్చాక గవదలొచ్చి, టీకా వేసుకోని మగవాళ్లలో 30 శాతం దాకా ఇలా జరుగుతుందని తర్వాత చదివాను. అంతమందికి జరిగేదాని గురించి మనం ఇంట్లోగానీ స్కూల్లోగానీ ఒక్క మాట కూడా మాట్లాడుకోం.

అమ్మకు చెప్పలేకపోయాను. రెండు గంటలు పళ్లు బిగపట్టుకుని పడుకున్నాను. సిగ్గు కోసం పోగొట్టుకున్న ఆ రెండు గంటలు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. చివరికి నాయనను లేపాను. ఆయన మామిడికాయల మండీలో గుమాస్తా. మాట తక్కువ మనిషి. "పా, ఆస్పత్రికి పోదాం" అని బండి తాళాలు తీసుకున్నాడు. "బండి మీద కూర్చోలేను నాయనా" అన్నాను. అప్పుడు ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. వీధి చివర ఆటో ఆయన్ను లేపుకొచ్చాడు. దారి పొడుగునా గుంత వచ్చినప్పుడల్లా తన చేయి నా నడుము కింద పెట్టి పైకి పట్టుకున్నాడు.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ ముందు స్కాన్ చేయించారు. వృషణానికి మెలిక పడితే రక్తం ఆగిపోతుంది, దాన్ని గంటల్లో ఆపరేషన్ చేసి సరిచేయాలి, లేకపోతే తీసేయాల్సి వస్తుంది. గవదలొచ్చాయి కాబట్టి ఇది గవదల వాపే అని ఊరుకోకూడదు, మెలిక కాదని తేల్చుకోవాలి అన్నారు. స్కాన్‌లో రక్తం బాగానే వెళ్తోంది. మెలిక కాదు, ఆర్కైటిస్, అంటే వృషణం వాపు. మంచం దిగకుండా పడుకోవడం, కింద మెత్తటి గుడ్డ మడిచి ఎత్తుగా పెట్టుకోవడం, ఐస్ పెట్టడం, నొప్పి మాత్రలు. ఇంతకంటే మందు లేదు.

"పిల్లలు పుట్టరా సార్?" అని అడిగింది నేను కాదు, నాయన. గొంతు వణికింది. డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. ఎక్కువగా ఒక వైపే వస్తుంది, రెండో వైపు పనిచేస్తుంది. వాచిన వైపు కొంచెం చిక్కిపోవచ్చు. పూర్తిగా పిల్లలు పుట్టకపోవడం అరుదు. మూడు నెలలాగి ఒక పరీక్ష చేయించుకోండి, అప్పటిదాకా దీని గురించి టెన్షన్ పడి లాభం లేదు. అంత నిదానంగా చెప్పినందుకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

టెన్షన్ పడకుండా ఉండడం మాత్రం నా వల్ల కాలేదు. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, వాపు దిగడానికి రెండు వారాలు, బరువుగా లాగుతున్నట్టుండే నొప్పి పోవడానికి నెల పైన పట్టింది. కాలేజీకి వెళ్లేసరికి ఫిబ్రవరి రెండో వారం. 75 శాతం హాజరు కోసం మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగాను. మెట్లెక్కితే నొప్పి. కారణం ఎవరికీ చెప్పలేక వెన్నునొప్పి అని చెప్పాను. మే నెలలో ఆ పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు నార్మల్. కుడి వైపు కొంచెం చిన్నదైంది, అది అలాగే ఉంటుంది. ఆ కాగితం నాయనకు ఇస్తే చదవకుండా మడిచి జేబులో పెట్టుకుని గుడికి వెళ్లొస్తానని కాణిపాకం వెళ్లాడు.

మంచం మీద ఉన్న రోజుల్లో నన్ను తొలిచింది అమ్మ మాటే. అన్ని సూదులూ వేయించినాను కదా. నిజమే. నా టీకా కార్డు తీసి చూశాను. బీసీజీ, పోలియో, డీపీటీ, తొమ్మిదో నెలలో తట్టుకు వేసినది, అన్నీ ఉన్నాయి. 2017 ఆగస్టులో తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్లో అందరినీ వరుసలో నిలబెట్టి ఎంఆర్ టీకా వేశారు. 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలందరికీ అప్పుడు వేశారు. అమ్మ దాన్ని గవదలకు కూడా అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఎంఆర్ అంటే మీజిల్స్, రుబెల్లా. తట్టు, రుబెల్లా మాత్రమే. మంప్స్, అంటే గవదలు, కలిసినది ఎంఎంఆర్. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో గవదలది లేదు. పిల్లల డాక్టర్ల సంఘం మూడు డోసుల ఎంఎంఆర్ వేయించమంటుంది, ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు పెట్టి వేయించుకున్న పిల్లలకే అది దక్కుతుంది. మా అమ్మ తప్పు ఏమీ లేదు. ఆమెకు ఇచ్చిన కార్డులో ఆ గడే లేదు.

ఈ టీకా పుట్టుక గురించి కూడా అప్పుడే చదివాను. 1963 మార్చిలో అమెరికాలో మారిస్ హిల్లెమన్ అనే శాస్త్రవేత్త కూతురికి రాత్రివేళ గవదలు బయటపడ్డాయి. ఆ పాపకు ఐదేళ్లు. ఆయన ఆమె గొంతులోంచి నమూనా తీసుకుని ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. దాన్నుంచి చేసిన టీకాకు 1967లో అనుమతి వచ్చింది. 1971లో తట్టు, రుబెల్లాతో కలిపి ఎంఎంఆర్ అయింది. పాప పేరు జెరిల్ లిన్, ఆ వైరస్ రకానికీ అదే పేరు. నేను పుట్టడానికి 35 ఏళ్లకు పైగా ముందే తయారైన టీకా నా దాకా రాలేదన్న మాట.

తర్వాత ఏడాదికి, 2025లో, ఎంఎస్ కోసం న్యూయార్క్ రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఫీజు కాగితాలతో పాటు టీకాల ఫారం పంపారు. ఆ రాష్ట్రంలో అది చట్టం. 1957 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన విద్యార్థులు మీజిల్స్‌కు రెండు డోసులు, మంప్స్‌కు ఒకటి, రుబెల్లాకు ఒకటి వేసుకున్నట్టు చూపించాలి, లేదా రక్తపరీక్షలో రోగనిరోధకత ఉందని చూపించాలి. మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసు లెక్కలోకి రాదు. అంటే నా తొమ్మిదో నెల టీకా కొట్టేసినట్టే. మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపు, దాని గురించి చదివి సంతకం పెట్టే కాగితం వేరే ఉంది. నా రూమ్‌మేట్ టెక్సాస్ వెళ్తున్నాడు. అక్కడ 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అదీ సెమిస్టర్ మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు వేసుకుని ఉండాలి. వాడు ఆ టీకా కోసం తిరుపతిలో ఎన్ని మెడికల్ షాపులు తిరిగాడో.

నేను రక్తపరీక్ష చేయించుకున్నాను. తట్టు పాజిటివ్, రుబెల్లా పాజిటివ్, మంప్స్ పాజిటివ్. మూడో గడిలో ఆ మాట చూసి చాలాసేపు ల్యాబ్ బెంచీ మీదే కూర్చుండిపోయాను. అంత జ్వరం, అంత నొప్పి, నాయన గొంతులో ఆ వణుకు, అన్నీ కలిసి ఆ గడి నింపాయి. అది ఒక సూదితో నిండాల్సిన గడి.

2021లో నేను బీటెక్‌లో చేరిన రోజు గుర్తొచ్చింది. టీసీ, ర్యాంకు కార్డు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ రెండేసి జిరాక్సులు తీసుకున్నారు. టీకాల్లో అడిగింది కోవిడ్‌ది ఒక్కటే. వందల మంది పిల్లలను ఒకే భవనంలో పడుకోబెట్టి, ఒకే మెస్‌లో తినిపించే చోట, ఇంకో రెండు గడులు నింపమని అడగడానికి ఏం అడ్డం? ఎంఎంఆర్ వేసుకుంటే గవదలు అసలు రావని నేననడం లేదు. రెండు డోసులు వేసుకున్నవాళ్లలో కూడా అమెరికా కాలేజీల్లో గవదలు వచ్చాయి. అలా ప్రబలినప్పుడు ముప్పు ఉన్నవాళ్లకు మూడో డోసు ఇవ్వొచ్చని 2017లో అక్కడి టీకాల సలహా కమిటీ చెప్పింది. కానీ టీకా వేసుకున్నవాళ్లలో నాకొచ్చినలాంటి ఇబ్బందులు బాగా తక్కువ. టీకా వేసుకోలేదని సీటు ఆపమనడం కూడా లేదు నేను. అడగండి, లేకపోతే వేయించండి, అంతే. అడిగి ఉంటే మా అమ్మ ఆ రోజే పరుగెత్తి వేయించి ఉండేది.

2025 జూన్‌లో చెల్లెలు తిరుపతిలో డిగ్రీలో చేరింది. హాస్టలే. దాని కార్డులోనూ ఎంఆర్ ఉంది, ఎంఎంఆర్ లేదు. జూన్ 16న పిల్లల క్లినిక్‌కు తీసుకెళ్లాను. చంకలో పసిపిల్లలతో తల్లులు వరుసగా కూర్చున్న బెంచీ మీద అది దుపట్టా సర్దుకుంటూ కూర్చుంది. "పాప ఏదీ?" అని అడిగింది నర్సు. "నేనే అక్కా" అని చేయి చాపింది. రెండో డోసుకు కనీసం 28 రోజులు ఆగాలని కొత్త కార్డు మీద తేదీ రాసిచ్చారు.

జూలై 14న అది కూడా అయింది. అమ్మ ఆ కార్డును దేవుడి గూట్లో ఒక రాత్రి ఉంచి, మర్నాడు చెల్లెలి టీసీ పెట్టిన కవర్లోనే పెట్టింది.