మా అవ్వ మాంగాయ్

మా అవ్వది తమిళనాడులోని గుడియాత్తం వైపు. పెళ్లై చిత్తూరుకొచ్చి యాభై ఏళ్లు గడిచినా మామిడికాయను ‘మాంగాయ్’ అనే పిలిచేది. తమిళంలో ‘మా’ అంటే మామిడి, ‘కాయ్’ అంటే కాయే. చిన్నప్పుడు ఆ మాటకు నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ మాటంటే ప్రాణం.

కేరళ తీరానికొచ్చిన పోర్చుగీసువాళ్లు మలయాళుల ‘మాంగ’ను ‘మంగ’ అన్నారు. అదే ఇంగ్లీషులో మ్యాంగో, ఫ్రెంచిలో మాంగ్ అయింది. మలేషియావాళ్ల మలై భాషలో మంగ్గా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చెట్టుకు శాస్త్రీయ నామం పెడుతూ ‘మాంజిఫెరా ఇండికా’ అన్నాడు, అంటే మాంగ కాసే భారతదేశపు చెట్టు. హిందీ ‘ఆమ్’ దారి వేరు, అది సంస్కృత ‘ఆమ్ర’ నుంచి వచ్చింది. మన ‘మావిచిగురు’లో మాత్రం అవ్వ ‘మా’ ఇంకా వినిపిస్తుంది నాకు.

పోయిన జూన్‌లో దామలచెరువు మామిడికాయల మండీకి వెళ్లాను. కుప్పలో ఒక తోతాపురి తీసి చూశాను. తొడిమ దగ్గర సొన ఇంకా ఆరలేదు, వేలికి అంటి చురుక్కుమంది. కొన చిలక ముక్కులా వంగి ఉంది. హిందీలో తోతా అంటే చిలకే. కన్నడంవాళ్లు దీన్నే గిణిమూతి అంటారు, తమిళులు కిళిమూక్కు అంటారు. మూడు భాషలవాళ్లకూ ఈ కాయలో చిలకే కనబడింది! మా ఇంట్లో మాత్రం ఇది బెంగుళూరా.

రెండు కిలోలు తెచ్చి, ఉప్పూ కారం అద్ది, అవ్వ ఫొటో ముందు ఒక ముక్క పెట్టాను.