పెంకుతోనా, పెంకు తీసిందా?

విశాఖ పోర్టులో వ్యాపారుల తరఫున ఎగుమతి, దిగుమతి సరుకుల కస్టమ్స్ పని చూసిపెట్టే ఆఫీసులో నేను హెచ్ కార్డుతో మొదలుపెట్టాను. అంటే సంతకం పెట్టే అధికారం లేదు. షిప్పింగ్ బిల్లు (ఎగుమతి సరుకుకి కస్టమ్స్‌కి ఇచ్చే డిక్లరేషన్) కాగితాలు పట్టుకుని కస్టమ్స్ హౌస్‌కీ కంటైనర్ యార్డుకీ తిరగడమే పని. మమ్మల్ని ఇప్పటికీ చాలామంది సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) వాళ్లనే అంటారు. 2013లోనే ‘కస్టమ్స్ బ్రోకర్’ అని పేరు మారినా నోటి అలవాటు మారలేదు.

తర్వాత జీ కార్డు పరీక్ష పాసయ్యాను. సంతకం నాదే, లైసెన్సు మాత్రం మా ఓనరుగారిది. సొంత లైసెన్సు కావాలంటే కస్టమ్స్ శాఖ శిక్షణ అకాడమీ నాసిన్ పెట్టే పెద్ద పరీక్ష రాయాలి. 150 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. మొత్తం 450లో 270 వస్తేనే ఓరల్‌కి పిలుపు. మొదటిసారి ఒక్కటీ వదలకుండా అన్నింటికీ జవాబు పెట్టాను. పోయింది.

ఆ కసితో ఇంట్లో ఒక పాత పేపరు ముందేసుకున్నా. అన్నీ రాస్తే 98 ఒప్పు, 52 తప్పు: 242 మార్కులు. గుడ్డిగా పెట్టినవి వదిలేసి 112కే జవాబు రాస్తే 97 ఒప్పు, 15 తప్పు: 276! ఒప్పులు ఒకటి తగ్గితే నేను పాస్. ఇన్నేళ్లూ నాకు ఎవరూ చెప్పలేదిది, లేదా చెప్పినా వినలేదేమో. రెండోసారి తెలియనివి కళ్లు మూసుకుని వదిలేశాను.

ఓరల్ 100 మార్కులకి, 60 రావాలి. టెన్షన్‌తో నాలుక పిడచకట్టింది. ‘ఉడికించిన రొయ్యకి ఏ హెడింగ్?’ అన్నారు. హెడింగ్ అంటే సరుకుని బట్టి కస్టమ్స్ టారిఫ్‌లో ఉండే నాలుగంకెల కోడ్. ఏళ్ల తరబడి ఫ్రోజెన్ రొయ్యలకి 0306 వేసిన చెయ్యి నాది, అదే చెప్పబోయి ఆగాను. ‘పెంకుతోనా సార్, పెంకు తీసిందా?’ అని అడిగాను. పెంకుతో ఆవిరిమీదో నీళ్లలోనో ఉడికిస్తే 0306, పెంకు తీసి ఉడికించింది 1605. పచ్చిదైతే పెంకు తీసినా 0306లోనే. అక్కడినుంచి సంభాషణ తేలికైంది.

పాసయ్యాక కమిషనర్ పేరుమీద 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టాలన్నప్పుడు మా ఆవిడ ఒక్కటే అడిగింది: ‘వడ్డీ అయినా మనదేనా?’ మనదే.

లైసెన్సు వచ్చిన కొత్తలో ఒక పార్టీ ఫోన్లోనే బేరం కుదుర్చుకున్నాడు, దిగుమతి సరుకు. ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకి ఉండాల్సిన కోడ్), జీఎస్టీ నంబర్లు ఆన్‌లైన్లో బాగానే ఉన్నాయి. ఇచ్చిన అడ్రసులోనే వ్యాపారం నడుస్తోందో లేదో చూసుకునే బాధ్యత 2018 నిబంధనల ప్రకారం బ్రోకరుదే కాబట్టి బండేసుకుని వెళ్లాను. అక్కడ టైలర్ షాపుంది. ఆ కుర్రాడికి అలాంటి కంపెనీ పేరే తెలియదట.

ఆ ఫైలు ముట్టుకోలేదు. ఆ నెల నా పేరుమీద ఒక్క బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి డిక్లరేషన్) కూడా పడలేదు.