పటేల్ షాట్, సంఘం షాట్

దసరాకి ఊరెళ్తే అమ్మ తన ఫోను నా చేతిలో పెట్టి "ఇండ్ల ఏమొచ్చిందో జర సదివి చెప్పు బిడ్డా" అంది. వానాకాలం మొదలైనప్పటి నుంచి వచ్చిన పంట సలహాల మెసేజీలన్నీ తెరవకుండా అలాగే ఉన్నాయి. అమ్మకి చదువు రాదు. నేను చదివి వినిపించినా సగం అర్థం కాలేదు, ఎందుకంటే అవి లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లు అంటూ మందుల పేర్లు, అదీ వరికి. మాది వాన మీద బతికే చెలక. కంది, జొన్న, పెసర తప్ప మేం వరి వేసిందే లేదు. పంపినవాళ్ల లెక్కల్లో మాత్రం అమ్మకి సమాచారం అందినట్టే.

ఆ రోజంతా నాకు మచ్నూరే గుర్తొచ్చింది. జహీరాబాద్ దగ్గర ఊరు. అక్కడి సంఘం రేడియోని నడిపేది దళిత మహిళలు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పేద ఆడవాళ్ల సంఘాలతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని ఆ సంఘాల ఆడవాళ్లు రేడియో కావాలని అడిగితే, యునెస్కో సాయంతో 1990ల చివరికే స్టూడియో సిద్ధమైంది. కానీ లైసెన్సు లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, 2002లో అనుమతులు చదువుల సంస్థలకే ఇచ్చారు, ఊళ్లలో పనిచేసే సంస్థలకి తలుపు తెరుచుకుంది 2006లో. అన్నేళ్లూ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్ఎం మీద గాలిలోకి వచ్చారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఆ ఊళ్ల ఆడపిల్లలే దాన్ని నడిపారు.

అందులో మాట్లాడేది ఎవరంటే, విత్తనానికి బూడిద కలిపి, వేపాకు వేసి, బుట్టలో దాచడం చేత్తో చేసిన అవ్వలు. జొన్నలో ఏ సాలుకి కంది వేయాలో, అనుములు ఎక్కడ కలపాలో చెప్పేది వాళ్లే, ఆ చేలలో పాడుకునే పాటలు పాడేదీ వాళ్లే. అదంతా జహీరాబాద్ యాసలోనే! వినేవాళ్లకి అర్థం కాకపోవడమనే సమస్యే రాదు.

ఇదే సొసైటీలో కెమెరా పట్టిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల సంగతి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. బడి చదువు పెద్దగా లేనివాళ్లు షాట్లకి తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసే షాట్ పటేల్ షాట్, ఎందుకంటే పటేలు అరుగు మీద కూర్చుని కింద నిలబడ్డ కూలీని చూసేది అలాగే. ఎదుటి మనిషి కళ్లకి సమానంగా కెమెరా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీద ఒక్క వరుసలో కూర్చుంటారు. ఆ కళ్లతోనే వరంగల్‌లో బీటీ పత్తి (జన్యువులు మార్చిన పత్తి) వేసిన రైతుల దగ్గరికి వెళ్లి, సీజను పొడవునా వాళ్ల పొలాల్లో తిరిగి సినిమా తీశారు.

ఈ సంస్థని ముందుండి నడిపించిన పి.వి.సతీష్ గారు (2023 మార్చిలో పోయారు) అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 1975–76లో శాటిలైట్ ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకి టీవీ చూపించిన సైట్ ప్రయోగంలోనూ ఉన్నారు. అప్పట్లో అది చాలా గొప్ప పని, కాదనను. కానీ కార్యక్రమాలు తయారయ్యింది ఢిల్లీ, కటక్, హైదరాబాద్‌లలో, ఊళ్లవాళ్ల వంతు చూడటం వరకే. అంత పెద్ద ప్రయోగాన్ని దగ్గర నుంచి చూసిన మనిషి ఆ తర్వాత మైకునీ కెమెరానీ ఊరి ఆడవాళ్ల చేతికే అందించడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

అమ్మకి వచ్చిన మెసేజీలు నాకు పటేల్ షాట్ లాగే అనిపించాయి. పంపేవాళ్లకి చెడు ఉద్దేశం ఉందని నేననను, కానీ ఆమె ఏం వేసిందో, చదవగలదో లేదో ఒక్కసారైనా అడగాలి కదా. ఆ రాత్రి ఇదే మాట మీద ఉండగా అమ్మ కంది విత్తనం పురుగు పట్టకుండా ఎలా దాస్తుందో అరగంట సేపు చెప్పింది. ఫోన్లో రికార్డు చేసి మా వాడకట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పొద్దున్నే ఇద్దరు వదినలు ఇంటికొచ్చి, బూడిద ఏ కట్టెదైతే మంచిదని అమ్మని అడిగారు.