పిడికెడు బియ్యం

"నువ్వు కళ్లారా చూశావా అమ్మా?" పాస్టరమ్మగారు అడిగింది అంతే. చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

చూడలేదు. అయినా చర్చి కోసం ఇళ్లలో తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మిన డబ్బులు వదిన వాడుకుందని సంఘంలో ఇద్దరికి చెప్పాను.

ముందు కోపమే వచ్చింది. కానీ ఆవిడ ఈ పర్లాకిమిడి ఎండలో, ఆ వయసులో, గొడుగేసుకుని ఒక్కరే నడిచొచ్చారు. ఆదివారం అందరి ముందూ అడగొచ్చు, అడగలేదు. మత్తయి 18:15లో ప్రభువు చెప్పిందీ అదే, ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని. ఆ వచనం సండే స్కూల్ పిల్లలకు కంఠతా పట్టించింది నేనే.

నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి చెబితే దావీదు, రాజై ఉండి కూడా, పాపం చేశానని ఒప్పుకున్నాడు. సౌలు రాజేమో సమూయేలు ప్రవక్త అడిగితే తప్పు జనం మీదికి తోశాడు. నా నోట మొదట వచ్చింది సౌలు మాటే: "అందరూ అంటున్నారండీ."

సాయంత్రం వదిన ఇంటికెళ్లి చెప్పేశాను. ఆమె ఏమీ అనలేదు. లోపలికెళ్లి లెక్కల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఒడియా బడిలో చదివింది కదా, అంకెలన్నీ ఒడియాలోనే. ప్రతి రూపాయీ ఉంది.

ఆ ఇద్దరి ఇళ్లకీ ఇంకా వెళ్లాలి. రేపు పొద్దున్నే వెళ్తాను.