స్పిండిల్ అంచుకు చేరేదాకా: నా అనుభవం

పీహెచ్‌డీలో నాకిచ్చిన మొదటి పని వినడానికి చిన్నదే. ఎలుక అండకణం పక్వమయ్యేటప్పుడు, క్రోమోజోముల్ని విడదీసే స్పిండిల్ అనే నిర్మాణం నడిమధ్య నుంచి అంచుకు జరగడాన్ని వీడియో తీయాలి. అది చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది.

మామూలు కణం చీలితే ఇంచుమించు రెండు సగాలవుతుంది. అండం అలా పంచేసుకుంటే కుదరదు, పుట్టబోయే పిండానికి కావలసిన సరుకంతా దాంట్లోనే మిగలాలి. అందుకే స్పిండిల్ అంచుకు వెళ్లి, సగం క్రోమోజోముల్ని పోలార్ బాడీ అనే చిన్న కణంలో పెట్టి బయటికి పంపేస్తుంది. స్పిండిల్ అంటే మన కదురే, ఆకారమూ అలాగే ఉంటుంది. దాన్ని అంచుకు చేర్చేది యాక్టిన్ అనే ప్రోటీన్ పోగుల వల. ఆ పోగులు అల్లే ఫార్మిన్-2 ప్రోటీన్ లేని ఎలుకల్లో స్పిండిల్ మధ్యలోనే ఉండిపోతుందని 2002లోనే తేలింది.

హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చిన రెండు రోజులకు అండాశయాన్ని సూదితో గుచ్చితే అండాలు బయటికొస్తాయి. ఒక్కోటి 80 మైక్రాన్లు, కంటికి ఆనీ ఆననట్టుండే నలుసు. సన్నగా సాగదీసిన గాజు గొట్టంతో, నోటితో పీల్చి పట్టుకోవాలి. మిల్రినోన్ కలిపిన ద్రవంలో ఉన్నంతసేపూ అవి పక్వం కావు. కడిగేస్తే ఒకటి రెండు గంటల్లో కేంద్రకం గీత చెరిగిపోతుంది. అక్కడిదాకా బాగానే వచ్చేది. ఆ తర్వాత రాత్రంతా చూసినా పోలార్ బాడీ వచ్చేది కాదు. ఒకరోజు సీనియర్ అక్క వచ్చి, "స్క్రీన్ మీద 37 ఉంటే సరిపోదమ్మా, డిష్‌లో ఎంతుందో చూడు" అంది. నూనె కింద అండాలున్న చుక్కలో 34 డిగ్రీలే ఉంది.

అది సరిచేశాక యాక్టిన్‌ను విడగొట్టే సైటోకలాసిన్ వేసి చూశాను. స్పిండిల్ కదల్లేదు. ఆనందంగా చూపిస్తే మేడం ఒకటే అడిగారు: "మందును కరిగించిన డీఎంఎస్ఓ ద్రావకం ఒక్కటే, మందు లేకుండా, వేసి చూశావా?" వేయలేదు. మూడు వారాల పని మొదటినుంచి చేశాను. ఆమె అడిగింది న్యాయమే, స్పిండిల్ ఆగింది మందు వల్లో ద్రావకం వల్లో తేలాలి కదా.

చివరికి ఒక తెల్లవారుజామున ఆ వీడియో వచ్చింది. డీఎంఎస్ఓ మాత్రమే వేసిన అండంలో ఏడో గంట దాటాక స్పిండిల్ ఒక కొస ముందుగా దగ్గరున్న అంచువైపు సాగింది. క్రోమోజోములు చేరువయ్యేకొద్దీ అక్కడి పొర కింద యాక్టిన్ టోపీలా ఒత్తుగా పేరుకుంది. కాసేపటికి ఆ చోటే ఉబ్బి, చిన్న బుడగలా పోలార్ బాడీ విడిపోయింది. పక్క డిష్‌లో సైటోకలాసిన్ వేసిన అండాల్లో స్పిండిల్ మధ్యలోనే ఉంది. క్రోమోజోములు విడిపోయినా పోలార్ బాడీ రాలేదు. నాకు కళ్లు చెమర్చాయి. అక్కకు అప్పుడే ఫోన్ చేసి లేపాను.

స్పిండిల్ లోపల కూడా యాక్టిన్ ఉంటుందని, క్రోమోజోములు తప్పు లేకుండా విడిపోవడానికి అది కావాలని 2017లో చూపించారు. ఆ తప్పులే గర్భస్రావాలకు పెద్ద కారణం కాబట్టి నాకిప్పుడు ధ్యాసంతా ఆ పోగుల మీదే. యాక్టిన్ కనిపించేలా చేసే మార్కర్ మార్చాం. సోమవారం మళ్లీ అండాలు తీస్తున్నాను.