సర్పి వచ్చాక తాళాలు చేతులు మారాయి

కుడి పక్కటెముకల కింద మంట మొదలైతే గ్యాస్ అనుకున్నాను. మార్చి నెల కదా, బ్యాంకు బ్రాంచి మేనేజరుకి అప్పుడు తిండీ నిద్రా వేళకి ఉంటేనే వింత. తర్వాత చీర అంచు తగిలినా కారం పూసినట్టు ఉండేది. వీపు నుంచి పొట్ట దాకా, ఒక్క పక్కనే, నీటి పొక్కులు లేచాయి.

అత్తయ్య చూసి "సర్పి లేచిందమ్మా, తలా తోకా కలవకూడదు" అని, పొక్కుల మీద పూయడానికి జాజు కోసం కబురు పెట్టింది. డాక్టరు గారేమో ఇది ఒక నరం వెంటే నడుస్తుంది, మామూలుగా రెండో పక్కకి దాటదు, ఆ భయం వద్దన్నారు. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్సే వెన్ను దగ్గర నరాల్లో దాక్కుని, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు లేస్తుందట. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు యాంటీవైరల్ మాత్రలు మొదలుపెట్టాలి, నేను వెళ్లింది ఆ గడువు చివర్లో. టెన్షన్ వల్లేనా అనడిగితే, వయసు కూడా ఉంది, ఇదొక్కటే కారణమని చెప్పలేం అన్నారు. నా అనుమానం నాకుంది.

మా హెడ్ క్యాషియరు గారు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు, లెడ్జర్లు చేత్తో రాసిన కాలం మనిషి. ఎదురు సీట్లో పాతికేళ్ల ఆఫీసరు అమ్మాయి. "రేపు తొమ్మిదింటికే రావాలి" అని ఆయన గ్రూపులో పెడితే ఆ అమ్మాయి బొటనవేలు బొమ్మ కొట్టింది. ఆయనకది అవమానం, ఆమెకదే జవాబు. ఇద్దరూ నా క్యాబిన్‌కే వచ్చేవారు, విడివిడిగా. ఆయన కోపం వడకట్టి ఆమెకి చెప్పాలి, ఆమె విసుగు వడకట్టి ఆయనకి చెప్పాలి, రాత్రి పదింటికి రీజినల్ ఆఫీసు టార్గెట్లు అడిగితే ఇద్దరి తరఫునా నేనే చెప్పుకోవాలి. స్టాఫ్ ఆరోగ్యం మీద వెబినార్ పెట్టించమంటారు, పెట్టించే మేనేజరు భోంచేసిందా అని ఎవరడుగుతారు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడాన్ని, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది గానీ జబ్బు అనలేదు. అందుకే సెలవు చీటీలో సర్పి అని రాయగలిగాను, అలసట అని రాస్తే నవ్వేవాళ్లు.

నగదు గదికి రెండు తాళాలు, ఆయన దగ్గరొకటి, నా దగ్గరొకటి. సెలవు మీద వెళ్తూ నాది ఆ అమ్మాయికి అప్పజెప్పాను. ఇద్దరూ కలిసి నిలబడితే గానీ ఆ తలుపు తెరుచుకోదు, పొద్దున్నా సాయంత్రమూ. మొదట్లో ఇద్దరూ నాకే ఫోన్లు. మంటకి మాట్లాడే ఓపిక లేక "మీరే చూసుకోండి" అని పెట్టేసేదాన్ని. క్రమంగా ఫోన్లు తగ్గాయి. స్నేహితులైపోయారని కాదు, ఆయన ఇప్పటికీ "ఈ కాలం పిల్లలు" అంటారు. కానీ గోల్డ్ లోన్ ప్యాకెట్ల లెక్క తేడా వస్తే సిస్టంలో ఆమె వెతుకుతుంది, ప్యాకెట్ మీద బంగారం విలువ కట్టే అప్రైజర్ గొలుసుకట్టు రాత ఆయన చదివి పెడతారు.

పొక్కులు మాడిపోయినా నరాల నొప్పి నెలల తరబడి వదల్లేదు. ఏసీ గాలి తగిలితే జివ్వుమనేది, రాత్రిపూట మాత్ర వేసుకుంటేనే నిద్ర. తిరిగి డ్యూటీలో చేరాక తాళం వెనక్కి తీసుకోలేదు, ఆమె పేరు మీదకే మార్పించాను. ఎవరి మీద ఎవరు ఫిర్యాదు తెచ్చినా రెండో మనిషినీ లోపలికి పిలుస్తున్నాను, దాంతో సగం ఫిర్యాదులు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. రాత్రి ఎనిమిది దాటాక గ్రూపు చూడను. మెమో ఇంకా రాలేదు.

సర్పి రాకుండా 50 దాటినవాళ్లకి టీకా ఉంది, రెండు డోసులు. క్యాషియరు గారికి చెప్పి వేయించుకోమన్నాను. ఖరీదు విని "రిటైరయ్యాక చూద్దాం మేడమ్" అన్నారు.